కంచు గొడ్డలి పోయడం, అంచు కొట్టడం: పాత పద్ధతిలో, మన దగ్గర దొరికే సరుకుతో

పాతకాలపు కంచు పనిముట్ల మీద ఎప్పుడూ వచ్చేవి మూడే ప్రశ్నలు. కంచు గొడ్డలి ఇంటి దగ్గర పోయొచ్చా? పోసింది కొడితే ఎందుకు పగులుతోంది? అసలు కంచు ఉక్కులాగా గట్టిపడుతుందా? మూడింటికీ ఒకేసారి జవాబు కావాలంటే కింద చెప్పినట్టు ఒకటి చేసి చూడడమే మార్గం.

ముందు ఒక అపోహ తీసేసుకోండి. పూర్వం కంచుకు పాయనం పెట్టి (ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి) ఉక్కులా చేసేవారని, ఆ రహస్యం పోయిందని చెప్తుంటారు. పోయిన రహస్యమేమీ లేదు. కమ్మరి ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. కంచు అంటే రాగిలో తగరం కలిపిన లోహం. పది శాతం తగరమున్న కంచును కాల్చి ముంచితే గట్టిపడదు, మెత్తబడుతుంది. దానికి గట్టిదనం వచ్చేది చల్లగా ఉన్నప్పుడు పడే సుత్తి దెబ్బతోనే. కొలిమిలో గొడ్డలి ఆకారం మాత్రమే వస్తుంది. అంచు దాగలి మీద, అంటే పెట్టి కొట్టే ఇనుప దిమ్మె మీద, తయారవుతుంది. ఇది మరిచిపోయినవాళ్ళే ఎక్కువగా సరుకు పాడుచేసుకుంటారు.

ఇంకో మాట. నల్లగొండ, పాలమూరు నేలల్లో పాత కంచు గొడ్డళ్ళు కుప్పలుగా దొరకవు. దక్షిణాదిలో రాతి గొడ్డలి కాలం తర్వాత రాగి, కంచు కొద్దిగానే కనిపిస్తాయి. పెద్ద రాతి సమాధుల కాలానికే ఇనుము వచ్చేసింది. ఇక్కడ చెప్పే పద్ధతి సింధు లోయ నుంచి యూరప్ దాకా వాడిన పలక గొడ్డలిది. ఆకారం సాదా, కామ (కర్ర పిడి) దూర్చే రంధ్రం ఉండదు. మొదటిసారి చేసేవాళ్ళకు ఇంతకంటే సులువైనది ఉలి ఒక్కటే.

కావలసినవి

12 సెంటీమీటర్ల పొడవు, అంచు దగ్గర 6, వెనక 4 సెంటీమీటర్ల వెడల్పు, మధ్యలో ఒక సెంటీమీటరు మందం ఉండే గొడ్డలి దాదాపు 450 గ్రాములు తూగుతుంది. అచ్చు మీది గరాటులో మిగిలేది, తెట్టుగా పోయేది కలిపి 800 గ్రాములు కరిగించాలి. ఉలి అయితే 300 గ్రాములు చాలు.

రాగి 720 గ్రాములు. తగరం 86 గ్రాములు. లెక్క సులువుగా గుర్తుండాలంటే ప్రతి 100 గ్రాముల రాగికి 12 గ్రాముల తగరం. ఇలా కలిపితే తగరం 12 శాతం కాదు, 10.7 అవుతుంది. కరిగేటప్పుడు కొంత తగరం గాలికి మాడిపోతుంది కాబట్టి చివరికి పదికి దగ్గరగా నిలుస్తుంది.

రాగి కోసం మోటారు రివైండింగ్ దుకాణానికి వెళ్ళండి. బోర్ల జిల్లాలు మనవి, కాలిపోయిన వైండింగ్ వైరుకు కొరత లేదు. అయితే వైర్లు రెండు రకాలు. గట్టు మీద పెట్టే మోటార్ల వైరు మీద సన్నని ఇనామిల్ పూత ఉంటుంది. దాన్ని ఆరుబయట, గాలికి ఎదురుగా నిలబడకుండా కాల్చేసి, ఆ తర్వాతే తూకం వేయాలి. సబ్‌మెర్సిబుల్ మోటార్ల వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. దాన్ని కాల్చొద్దు, విషవాయువులు వస్తాయి. కత్తితో ఒలిచేయండి. పెద్ద పైపు ముక్కలు దొరికితే టంకం వేసిన అతుకులు కోసి పారేయండి, అక్కడ సీసం ఉండొచ్చు.

తగరం కళాయి సామాను అమ్మే చోట కడ్డీగా దొరుకుతుంది. మోసం జరిగేది ఇక్కడే, సీసం కలిపి అమ్ముతారు. రెండు పరీక్షలు చేయండి. కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే మంచి తగరం చిటచిటమని సన్నగా చప్పుడు చేస్తుంది. సీసం చప్పుడు లేకుండా వంగుతుంది. తెల్ల కాగితం మీద గీస్తే సీసం పెన్సిల్లా బూడిదరంగు గీత వేస్తుంది, తగరం దాదాపు వేయదు. రేడియో టంకం తీగ వాడొద్దు, పాత రకంలో దాదాపు నలభై శాతం సీసమే. ఇక డబ్బా రేకును 'టిన్ను' అంటాం గానీ అది ఇనుము, పైన తగరం పూత మాత్రమే.

పాత కంచు చెంబులు, కంచాలు, జేగంటలు కరిగిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. అసలైన కంచు కంచంలో తగరం 22 శాతం దగ్గర ఉంటుంది. ఆ మిశ్రమం గంటకు బాగుంటుంది, గొడ్డలికి పనికిరాదు. చల్లగా రెండు దెబ్బలు వేస్తే గాజులా విరుగుతుంది. దానికి ఎర్రగా ఉన్నప్పుడే కొట్టి, నీళ్ళలో ముంచే వేరే పద్ధతి ఉంది. తమిళనాడులోని ఆదిచ్చనల్లూరు, నీలగిరి పాత సమాధుల్లో దొరికిన పలుచని కంచు గిన్నెలు అలా చేసినవే. అదీగాక సంతలో కంచని అమ్మేవాటిలో ఇత్తడి కూడా ఉంటుంది. ఇత్తడిలోని తుత్తునాగం (జింకు) మూసలో, అంటే లోహం కరిగించే పాత్రలో, తెల్లపొగై లేస్తుంది. దాన్ని పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం ఖాయం.

రెండు కిలోలు పట్టే గ్రాఫైట్ మూస కొనండి. మట్టి మూస పాత పద్ధతే అయినా మామూలు కుమ్మరి మట్టి ఈ వేడికి ఉబ్బి మెత్తబడుతుంది. మొదటిసారి ఆ ప్రయోగం వద్దు. మూసను నడుము దగ్గర గట్టిగా పట్టే పట్టకారు ఉండాలి, లేకుంటే కమ్మరితో చేయించుకోండి. నోటి అంచు పట్టుకుని ఎత్తితే మూస ముక్క ఊడొస్తుంది.

బొగ్గు 8 కిలోలు. సర్కారు తుమ్మ బొగ్గు చాలా బాగా పనిచేస్తుంది. కోడిగుడ్డంత ముక్కలుగా కొట్టుకుని, పొడి జల్లెడ పట్టి తీసేయండి. చేతి బ్లోయర్ గానీ చిన్న కరెంటు బ్లోయర్ గానీ ఒకటి. దాగలి, కిలో సుత్తి, అర కిలో సుత్తి, ఆకురాయి, హ్యాక్సా, సానరాయి, వంటింటి డిజిటల్ కాటా.

ఒంటికి నూలు బట్టలు, తోలు బూట్లు, తోలు గ్లౌజులు, ముఖానికి అడ్డు. పాలిస్టర్ చొక్కా వేసుకుంటే నిప్పురవ్వ పడ్డచోట కరిగి చర్మానికి అంటుకుంటుంది. చెప్పులతో ఈ పని చేయొద్దు. ఒక్కరే ఉన్నప్పుడు కూడా చేయొద్దు.

నేల సంగతి

కరిగిన కంచు నాపరాయి మీద గానీ సిమెంటు గచ్చు మీద గానీ ఒలికితే ఆ రాయి లోపలి తేమ ఆవిరై పెంకులు పెంకులుగా పేలుతుంది. మన ఇళ్ళ ముందు వాకిళ్ళలో ఉండేవి ఎక్కువగా బండలే. కాబట్టి వాకిట్లో చేయొద్దు. చెలకలో గానీ పెరట్లో మట్టి నేల మీద గానీ నాలుగంగుళాల మందాన పొడి ఇసుక పరిచి, దాని మీదే అంతా చేయండి. నీళ్ళ బకెట్ దగ్గర ఉంచొద్దు. మంట ఆర్పడానికి పొడి ఇసుకే పెట్టుకోండి.

అచ్చు

1. చెక్కతో గొడ్డలి నమూనా చేయండి. వేపా టేకూ ఏదైనా సరే. అంచు దగ్గర మందం 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. అంచును కత్తిలా పలుచగా చెక్కేయడం అందరూ చేసే మొదటి తప్పు. పలుచని చోట లోహం చివరిదాకా పారకముందే గడ్డకడుతుంది. పారినా సుత్తితో కొట్టడానికి మందం మిగలదు.

2. మట్టి ఎంచుకోండి. రేగడి వద్దు. ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. పుట్టమన్ను అన్నిటికంటే మంచిది, లోహపు విగ్రహాలు పోసేవాళ్ళు దాన్నే వాడతారు. లేకపోతే చెరువు ఒండ్రు. ఒక పాలు మట్టి, రెండు పాళ్ళు జల్లెడ పట్టిన సన్న ఇసుక, ఒక పాలు ఎండిన ఆవుపెండ పొడి, గుప్పెడు వరి ఊక. మిర్యాలగూడ దిక్కు రైసు మిల్లుల్లో ఊక, ఊక బూడిద రెండూ దొరుకుతాయి. పెండ, ఊక కాలిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి, లోహం పోసినప్పుడు గాలి వాటిలోంచి బయటికి పోతుంది. పాలమూరు వైపున్న ఉట్నూరు బూడిద దిబ్బల్లో ఉన్నదంతా వేల ఏళ్ళ కింద కాల్చిన పశువుల పెండే. అంటే ఈ సరుకు మన నేలకు కొత్తేమీ కాదు.

కలిపిన మట్టిని వేలు లావున చుట్టి ఉంగరంలా వంచండి. పగిలితే మట్టి తక్కువ. చేతికి అంటుకుంటే ఇసుక తక్కువ.

3. ఈ మట్టిని మూడు సెంటీమీటర్ల మందాన పలకలా చేసి, నమూనాను సగం లోతు దాకా అందులో నొక్కండి. చుట్టూ మూడుచోట్ల బొటనవేలితో గుంటలు పెట్టండి, రెండో సగం జరగకుండా అవే పట్టుకుంటాయి. పైన ఊక బూడిద చల్లి రెండో పలక వేసి నొక్కండి. నమూనాకు తగిలే మొదటి పొర మాత్రం బట్టలో జల్లించిన మెత్తటి మట్టి, ఊక బూడిద కలిపినదై ఉండాలి. గొడ్డలి నునుపు దాని మీదే ఆధారపడుతుంది.

4. ఒక రాత్రి ఆరాక రెండు సగాలు విడదీసి నమూనా తీయండి. వెనక వైపు, అంటే కామ వైపు, గరాటు చెక్కండి. పైన మూడు సెంటీమీటర్ల వెడల్పు, ఐదు సెంటీమీటర్ల ఎత్తు. గొడ్డలి అంచు కిందికి, గరాటు పైకి ఉండాలి. లోహం చల్లబడుతూ కుంచించుకుపోతుంది, ఆ లోటును గరాటులోని లోహం దిగి నింపాలి. గరాటు సన్నగా ఉంటే అదే ముందు గడ్డకట్టి, గొడ్డలి వెనక భాగంలో బొక్క మిగులుతుంది. అంచు రెండు మూలల నుంచి పైకి పెన్సిల్ ముల్లు మందాన గాలి దారులు గీయండి.

5. నీడలో వారం రోజులు ఆరబెట్టండి. ఎండలో పెడితే వంకరపోతుంది. తర్వాత రెండు సగాలను విడివిడిగానే పిడకల మంటలో ఐదారు గంటలు కాల్చండి. ఇటుక ఎరుపు రావాలి. అదే మట్టితో అదే మందాన ఒక ముద్ద చేసి పక్కనే కాల్చి, దాన్ని పగలగొట్టి చూడండి. లోపల నల్లగా ఉంటే పెండ, ఊక పూర్తిగా కాలలేదన్నట్టు. మళ్ళీ కాల్చండి. ఈ ముద్ద కాల్చడం బద్ధకించినవాళ్ళ గొడ్డళ్ళే తేనెపట్టులా వస్తాయి.

6. సగాలు కలిపి ఇనుప తీగతో కట్టి, అతుకు మీద పలుచగా మట్టి మెత్తండి. పోసే రోజు ఈ అచ్చును నిప్పుల పక్కన రెండు గంటలు వేడి చేయాలి. గరాటు మీద చిన్న అద్దం పట్టి చూడండి. అద్దం మసకబారితే ఇంకా తేమ ఉంది. అలాంటి అచ్చులో పోయకండి. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. ఒక్క చుక్క చాలు, అచ్చులో పోసిన లోహం పైకి చిమ్ముతుంది.

ఇసుక అచ్చు కూడా పనిచేస్తుంది, రోజులో పని అయిపోతుంది. పాత పద్ధతి చూడాలనుకుంటే మాత్రం మట్టి అచ్చే. రాతి అచ్చుల్లో పోయడమూ పాత పద్ధతే, కానీ దానికి బలపం రాయి లాంటి మెత్తని రాయి కావాలి. మన గ్రానైట్ వేడికి పగులుతుంది.

కరిగించడం, పోయడం

7. 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు గుంత తవ్వి లోపల ఊక కలిపిన మట్టి మెత్తి ఆరనివ్వండి. అడుగు నుంచి ఐదారు సెంటీమీటర్ల పైన గాలి గొట్టం రావాలి. గాలి నేరుగా మూస మీద కొట్టకుండా కొంచెం పక్కకు తిప్పండి. లేకుంటే మూస ఆ ఒక్కచోటే అరిగిపోతుంది.

8. కొత్త మూసను ఖాళీగా, నెమ్మదిగా ఎర్రబడేదాకా వేడి చేశాకే వాడాలి. రాగిని అందులో కూరొద్దు, వదులుగా వేయండి. వేడికి రాగి వ్యాకోచిస్తుంది, బిగుతుగా ఉంటే మూసను లోపలి నుంచి పగలదీస్తుంది. పైన గుప్పెడు బొగ్గు పొడి వేస్తే లోహానికి గాలి తగలదు.

9. మూస చుట్టూ, పైనా బొగ్గు నింపి గాలి పెట్టండి. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మంచి బొగ్గుతో అరగంట నుంచి గంట లోపు ద్రవమవుతుంది. గంట దాటినా కాకపోతే బొగ్గు తడిసి ఉంటుంది, లేదా గాలి చాలదు. కరుగుతున్న మూసలో చల్లని రాగి ముక్క వేయాల్సొస్తే ముందు నిప్పుల మీద వేడి చేసి వేయండి.

10. రాగి పూర్తిగా కరిగాకే తగరం. ముందే వేస్తే తగరం 232 డిగ్రీలకే కరిగి, రాగి కరిగేదాకా మాడుతూ కూర్చుంటుంది. తగరం ముక్కను పట్టకారుతో పట్టి వేడి చూపించి, లోహంలోకి నెట్టండి. ముందే వేడి చేసిన ఇనుప చువ్వతో గానీ ఎండు కర్రతో గానీ కలపండి. పచ్చి కర్ర వాడితే బుసబుసమంటూ చిమ్ముతుంది.

11. ఇక్కడ తొందరపడకండి, ఆలస్యమూ చేయకండి. తగరం వేసి కలిపాక రెండు మూడు నిమిషాలు గాలి పెట్టండి. వేడి చేసిన ఇనుప చువ్వను ముంచి తీయండి. లోహం చువ్వకు గడ్డలా అంటుకుంటే ఇంకా వేడి చాలదు. చువ్వ శుభ్రంగా బయటికొస్తే పోయొచ్చు. పోసే వేడి 1100 నుంచి 1150 డిగ్రీల మధ్య ఉండాలి. 'ఇంకొంచెం కాగనీ' అని పావుగంట ఉంచేస్తే లోహం మంటలోని వాయువును పీల్చుకుంటుంది. గడ్డకట్టేటప్పుడు దాన్ని బయటికి కక్కి గొడ్డలంతా సూది రంధ్రాలు చేస్తుంది. సాయంత్రం వెలుగు తగ్గాక పోస్తే రంగు బాగా తెలుస్తుంది.

12. అచ్చును వేడి మీదే తెచ్చి, మెడ దాకా పొడి ఇసుకలో పాతండి. మూస ఎత్తి తెట్టు పక్కకు లాగి, సన్నని ఎడతెగని ధారగా పోయండి. ఎత్తినప్పటి నుంచి పోయడం అయ్యేదాకా 15 సెకన్లు మించొద్దు. ముందే ఖాళీ మూసతో నాలుగుసార్లు సాధన చేసి చూసుకోండి. ధార మధ్యలో ఆగితే అక్కడ గీత పడుతుంది. పైకి అతికినట్టే కనిపిస్తుంది, మూడో దెబ్బకు రెండు ముక్కలవుతుంది. గరాటు నిండేదాకా పోయండి. మిగిలింది పొడి ఇసుక గాడిలో పోసేయండి, మూసలోనే గడ్డకట్టనివ్వొద్దు.

ఇరవై నిమిషాలాగి అచ్చు పగలగొట్టండి.

కొట్టేముందు పరీక్ష

సుత్తి పట్టేముందే సరుకు మంచిదో కాదో తేలిపోవాలి. గరాటును హ్యాక్సాతో సగం కోసి, దాగలి అంచున పెట్టి విరిచి చూడండి. విరిగిన చోట ఎరుపు కలిసిన బంగారు రంగుంటే తగరం సరిపోయింది. పాలిపోయిన పసుపైతే 15 శాతం దాటింది. తెల్లగా వెండిలా ఉంటే అది గంట లోహం, అంచు కొట్టే ఆశ వదులుకోండి. మళ్ళీ కరిగించి రాగి కలపండి. ముదురు ఎరుపైతే తగరం మాడిపోయింది.

తర్వాత సాంద్రత. దీనికి వంటింటి కాటా చాలు. గొడ్డలిని తూచండి, 455 గ్రాములు వచ్చిందనుకుందాం. కాటా మీద గిన్నెలో నీళ్ళు పెట్టి సున్నా చేసుకోండి. గొడ్డలిని దారంతో వేలాడదీసి, అడుగుకు తగలకుండా పూర్తిగా ముంచండి. కాటా 52 చూపిస్తే 455ని 52తో భాగించండి, 8.75. మంచి పోత 8.7 దాటి ఉంటుంది. 8.3 కంటే తక్కువైతే లోపల బుడగలు చాలా ఉన్నట్టే, పైకి ఎంత నునుపుగా ఉన్నా సరే.

చివరిది చప్పుడు. అదే దారానికి వేలాడదీసి చిన్న ఇనుప ముక్కతో తట్టండి. ఖంగుమని సాగితే మంచిది. కుండ పగిలినట్టు టక్కుమంటే పగులుంది.

అంచు కొట్టడం

ఇదే అసలు పని. గొడ్డలి పోసి పండుగ చేసుకున్నవాళ్ళలో సగంమంది ఇక్కడ దాన్ని పగలగొట్టుకుంటారు.

13. ముందు మెత్తబరచాలి. పోసిన కంచులో తగరం అంతటా సమానంగా ఉండదు. రేణువుల మధ్య తగరం ఎక్కువున్న పెళుసు భాగాలు మిగులుతాయి. గాలి పెట్టని బొగ్గుల్లో గంటసేపు 650 నుంచి 700 డిగ్రీల దగ్గర ఉంచితే అవి సర్దుకుంటాయి. కొలమానం లేకపోతే రంగు చూడండి. చీకట్లో ఎండు మిరపకాయ ఎరుపు రావాలి. పండు మిరపకాయ ఎరుపొస్తే ఎక్కువైంది. 800 డిగ్రీలు దాటితే తగరం ఎక్కువున్న భాగాలు కరిగి, గొడ్డలి మీద చెమట చుక్కల్లా తేలతాయి. అలా తేలిన గొడ్డలిని మళ్ళీ కరిగించాల్సిందే.

14. పూర్తిగా చల్లారనివ్వండి. నీళ్ళలో ముంచినా ఫరవాలేదు, గట్టిపడదు. ఎర్రగా ఉన్నప్పుడు మాత్రం కొట్టకండి. కమ్మరి పని చూసి అలవాటైన చెయ్యి అటే పోతుంది. వేడి మీద ఈ కంచు, ముఖ్యంగా చిటికెడు సీసం కలిసినా, మట్టిగడ్డలా రాలిపోతుంది.

15. అంచు నుంచి మూడు సెంటీమీటర్ల దాకానే కొట్టాలి. అంచును దాగలి మీద పరిచి, అర కిలో సుత్తితో ఒకదాని పక్కన ఒకటి దెబ్బలు, ఒక చివరి నుంచి రెండో చివరికి. తిప్పి రెండో వైపు కూడా అన్నే దెబ్బలు. ఒకే వైపు కొడితే వంగిపోతుంది. మొదటి దెబ్బలు మెత్తగా దుబ్ దుబ్ మంటాయి. కొట్టేకొద్దీ చప్పుడు సన్నబడి టింగ్ మంటుంది, సుత్తి చేతిలో ఎగిరొస్తుంది. ఆ చప్పుడు మారిన చోట ఆగండి. మందం ఐదో వంతు తగ్గి ఉంటుంది. మళ్ళీ ఎండు మిరపకాయ ఎరుపుకు పది నిమిషాలు కాల్చి, చల్లార్చి, మళ్ళీ కొట్టండి.

చప్పుడు మారాక కూడా 'ఇంకో నాలుగు' అనుకుంటే అంచు మూలల్లో వెంట్రుకంత పగుళ్ళు మొదలవుతాయి. పగులు కనిపిస్తే వెంటనే ఆకురాయితో దాని మొదలు దాకా అరగదీసేయండి. వదిలేస్తే తర్వాతి విడతలో లోపలికి పాకుతుంది.

16. ఐదు మిల్లీమీటర్ల అంచు మూడు మిల్లీమీటర్లకు వచ్చాక చివరిసారి కాల్చండి. ఇక్కడి నుంచి మళ్ళీ నిప్పు చూపించొద్దు. మూడు నుంచి రెండుంబావు దాకా చల్లగానే, చిన్న సుత్తితో, ఒత్తుగా కొట్టండి. అంచు గట్టిదనమంతా ఈ చివరి విడతలోనే వస్తుంది. పోసినప్పుడు ఉన్న గట్టిదనానికి దాదాపు రెట్టింపు అవుతుంది, మెత్తని ఇనుమును మించిపోతుంది. పాయనం పెట్టిన ఉక్కును మాత్రం అందుకోలేదు.

17. సానరాయి మీద నీళ్ళు చల్లుతూ పదును తీయండి. రెండు వైపులా కలిపి 35 డిగ్రీల కోణం. ఉక్కు గొడ్డలంత పలుచగా తీస్తే మడుచుకుంటుంది. కరెంటు గ్రైండర్ వాడితే అంచు వేడెక్కి, కష్టపడి తెచ్చిన గట్టిదనం నిమిషంలో పోతుంది. వేలు పెట్టలేనంత వేడెక్కనివ్వొద్దు.

గట్టిపడిందో లేదో తేల్చడం

మీటరు పొడవు పైపు, చిన్న బేరింగ్ గోళీ తీసుకోండి. గొడ్డలిని దాగలి మీద పరిచి, పైపును నిలబెట్టి, గోళీని పై నుంచి వదలండి. ఒకసారి కొట్టని వెనక భాగం మీద, ఒకసారి అంచుకు రెండు సెంటీమీటర్ల లోపల కొట్టిన భాగం మీద. రెండు గుంటల వెడల్పు పోల్చండి. కొట్టిన చోట గుంట స్పష్టంగా చిన్నగా ఉండాలి. రెండూ ఒకేలా ఉంటే చివరి విడత కొట్టుడు చాలలేదు, లేదా సానపట్టేటప్పుడు కాలింది. చివరిసారి కాల్చడం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. అంచు అప్పటికే పలుచబడిపోయి ఉంటే రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి అరగదీసుకోండి.

తర్వాత చెట్టు మీద. పచ్చి సుబాబుల్ గానీ మునగ గానీ కొట్టి చూడండి. ఎండిన తుమ్మ మీద మొదటి రోజే వేస్తే ఉక్కు గొడ్డలికే కష్టం. యాభై దెబ్బల తర్వాత అంచును గోటితో తడమండి. ఒక వైపు మడత తగిలితే మెత్తగా ఉంది, మరికొంత కొట్టాలి. పళ్ళు పళ్ళుగా రాలి ఉంటే తగరం ఎక్కువైంది లేదా కొట్టుడు ఎక్కువైంది. ఏది కారణమో గరాటు విరిచినప్పుడు చూసిన రంగే చెప్తుంది. అందుకే ఆ ముక్క పారేయొద్దు, గొడ్డలితోపాటే దాచండి. మడత పడిన అంచుకు మళ్ళీ కొలిమి అక్కర్లేదు, దాగలి మీద నాలుగు దెబ్బలతో సరిచేసి సానపడితే చాలు. ఉక్కు కంటే కంచుకున్న సుఖం ఇదొక్కటే.

కామకు మోకాలిలా వంగిన తుమ్మ కొమ్మ తీసుకుని, పొట్టి వైపు చీల్చి, గొడ్డలి వెనక భాగాన్ని అందులో బిగించండి. తడి తోలు వారుతో గట్టిగా చుట్టి ఆరనిస్తే బిగుసుకుంటుంది. చీలిక అడుగున గొడ్డలి వెనక అంచు కర్రకు ఆనుకునేలా చూడండి. ఖాళీ ఉంటే ప్రతి దెబ్బకూ గొడ్డలి లోపలికి జారి కామను ఇంకా చీలుస్తుంది.

రెండు జాగ్రత్తలు

తగరానికి ముందు కాలంలో చాలాచోట్ల ఆర్సెనిక్ కలిసిన రాగి వాడారు. దాన్ని ఎవరూ అనుకరించొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

పొలం దున్నేటప్పుడో, రాతి సమాధుల దగ్గరో పాత లోహపు ముక్క దొరికితే తోమొద్దు, సానపట్టొద్దు, కరిగించొద్దు. పైనున్న పచ్చటి చిలుము గీకేస్తే దాని పాతదనం చెప్పే ఆధారం పోతుంది. నేలలో దొరికిన విలువైన వస్తువు గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెప్తోంది. పాత సామాన్లు చూడాలనుకుంటే నల్లగొండ దగ్గర పానగల్లు మ్యూజియం, మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి మ్యూజియం ఉన్నాయి. మీరు చేసిన గొడ్డలి మీద మాత్రం కామలో దాగే చోట ఉలితో సంవత్సరం చెక్కేయండి. రేపు ఎవరైనా దాన్ని పాతదని అమ్మకుండా ఆ అంకెలే అడ్డుకుంటాయి.